యూకే వెళ్లిన అమ్మానాన్నలకి హాస్పిటల్ అవసరం పడితే: ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏది ఫ్రీ, ఏది బిల్లు

ఈ ఎపిసోడ్ ఇప్పటికి రెండుసార్లు రికార్డ్ చేసి డిలీట్ చేశాను. ఇది మూడోసారి. టాపిక్ కష్టమని కాదు. ఇందులో తప్పు చేసింది నేనే కాబట్టి, కెమెరా ముందు చెప్పాలంటే కొంచెం ఇబ్బందిగా ఉంది. కానీ పోయిన నెలలో ముగ్గురు ఫ్రెండ్స్ అడిగారు, "అమ్మానాన్నల్ని లండన్ పంపిస్తున్నాం రా, ఇన్సూరెన్స్ తీసుకోవాలా, అక్కడ హాస్పిటల్ ఫ్రీయే కదా" అని. అందుకే సరే, చెప్పేద్దాం అనుకున్నా.

ముందు కథ, తర్వాత రూల్స్.

మా అక్క, బావ బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. బావది స్కిల్డ్ వర్కర్ వీసా, అక్క డిపెండెంట్. అక్కకి డెలివరీ టైమ్ దగ్గరపడిందని అమ్మని, నాన్నని ఆరు నెలల విజిటర్ వీసా మీద పంపించాం. నాన్నకి 63. కరెంటాఫీసులో చేసి రిటైర్ అయ్యారు, ఖమ్మంలో ఉంటారు. పన్నెండేళ్లుగా బీపీ, తొమ్మిదేళ్లుగా షుగర్. రోజూ పొద్దున వాకింగ్ చేస్తారు, మందులు మానరు, చూడ్డానికి బాగానే ఉంటారు.

ఇంట్లో ఒక బీటెక్ కొడుకు ఉన్నాడంటే ఆన్‌లైన్ ఫారాలన్నీ వాడి నెత్తినే పడతాయి కదా. వీసా అప్లికేషన్ నాది, టికెట్లు నావి, ఇన్సూరెన్స్ కూడా నాదే. ఒక రాత్రి పన్నెండు దాటాక కూర్చుని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారం నింపుతున్నా. అందులో ఒక ప్రశ్న వచ్చింది. ఈ మనిషికి ఇప్పటికే ఏదైనా జబ్బు ఉందా, రోజూ వాడే మందులున్నాయా అని. "ఎస్" నొక్కా. ప్రీమియం దాదాపు డబుల్ అయింది, ఇంకో పేజీ తెరుచుకుని రిపోర్టులు అప్‌లోడ్ చేయమంది. తెల్లారితే ఆఫీసులో రిలీజ్. బ్యాక్ నొక్కి "నో" పెట్టేశా. నాన్న బీపీ కంట్రోల్‌లోనే ఉంది కదా, అది జబ్బు కిందకి ఎందుకొస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. రెండు నిమిషాల్లో పాలసీ పీడీఎఫ్ మెయిల్‌కి వచ్చింది. హాయిగా పడుకున్నా.

వాళ్లు వెళ్లిన ఐదు వారాలకి, చలికాలం, మనకి పొద్దున ఆరున్నర. అక్కడ రాత్రి ఒంటిగంట. అమ్మ నుంచి వీడియో కాల్. నాన్న మంచం అంచున కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నారు. చెమటలు. "గ్యాస్ రా, రాత్రి పప్పు తిన్నా" అంటున్నారు. బ్యాగులో తెచ్చుకున్న గ్యాస్ మాత్ర వేసుకున్నారు, ఈనో తాగారు. బావ అంబులెన్స్ పిలుస్తానంటే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. కారణం తర్వాత తెలిసింది. ఫారిన్‌లో ఎవరికో గుండెనొప్పి వస్తే నలభై లక్షల బిల్లు వేశారని ఏదో వాట్సాప్ మెసేజ్ చదివారట. "నీ డెలివరీ పెట్టుకుని నా ఖర్చు ఎందుకమ్మా" అని అక్కతో అన్నారు. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఫోన్ చేసేదాకా గంటా పది నిమిషాలు పోయాయి. ఆ గంటా పది నిమిషాల గురించే అసలు ఈ ఎపిసోడ్.

చివరికి బావ 111కి చేశాడు. 999 ఎందుకు చేయలేదంటే, అంబులెన్స్ వస్తే చార్జ్ పడుతుందేమో, 111 అయితే సలహా ఫ్రీగా చెప్తారు కదా అనుకున్నాడట. అక్కడే ఐదేళ్లుగా ఉంటున్న మనిషికే తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి: రెండు నంబర్లూ ఫ్రీ, అంబులెన్స్ కూడా ఫ్రీ. విజిటర్ అయినా సరే. 111 అనేది ప్రాణాపాయం లేని వాటికి, ఎక్కడికెళ్లాలో తెలియనప్పుడు. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, ఊపిరాడకపోవడం, ఇవన్నీ నేరుగా 999. ఇంగ్లీష్ రాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. ఇంట్లో పిల్లలు ఆఫీసుకెళ్లాక అమ్మానాన్నలే ఉంటారు కాబట్టి, ఇంటి అడ్రస్, పోస్ట్‌కోడ్ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మా అమ్మకి అక్క ఇంటి అడ్రస్ నోటికి రాదు. "ఎర్ర ఇటుకల ఇల్లు" అని చెప్తుంది. బర్మింగ్‌హామ్‌లో అన్నీ ఎర్ర ఇటుకల ఇళ్లే.

అంబులెన్స్ వచ్చింది, హాస్పిటల్‌కి తీసుకెళ్లారు, ఈసీజీ తీశారు, ట్రోపోనిన్ అనే బ్లడ్ టెస్ట్ చేశారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్ అది. కొన్ని గంటల తర్వాత మళ్లీ చేశారు. పెరిగింది. అడ్మిట్ చేశారు. మర్నాడు యాంజియోగ్రామ్. స్టెంట్ అవసరం రాలేదు, మందులతో సరిపోయింది. మూడు రాత్రులు ఉంచి పంపించారు. నాన్న ఇప్పుడు బాగున్నారు. అది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే మీరు ఎపిసోడ్ అంతా టెన్షన్‌తో చూస్తారు.

ఇక రూల్స్‌లోకి వద్దాం. నేను చెప్పేవి ఇంగ్లండ్ రూల్స్. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో వైద్యం అక్కడి ప్రభుత్వాల చేతిలో ఉంటుంది కాబట్టి కొన్ని తేడాలుంటాయి.

నాన్న హాస్పిటల్ బెడ్ మీద నుంచే నన్ను అడిగారు, "ఇది మన ఆరోగ్యశ్రీ లాంటిదే కదరా" అని. కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు దాని లెక్క తెల్ల రేషన్ కార్డు. కార్డు ఉంటే, లిస్టులో ఉన్న జబ్బుకి, లిస్టులో ఉన్న హాస్పిటల్‌లో ప్రభుత్వం డబ్బు కడుతుంది. ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. అక్కడ పేద, ధనిక లెక్క లేదు. పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నదీ కాదు, ఎంత టాక్స్ కట్టావన్నదీ కాదు. ఒక్కటే ప్రశ్న: నువ్వు ఈ దేశంలో నివాసం ఉంటున్నావా, లేక వచ్చి వెళ్లేవాడివా? యూకే పౌరుడే అయినా దుబాయ్‌లో స్థిరపడి సెలవులకి ఊరికొస్తే, ప్లాన్ చేసుకున్న ఆపరేషన్‌కి మామూలుగా బిల్లు కట్టాల్సిందే. మన విజిటర్ వీసా వాళ్లు రెండో రకం. వచ్చి వెళ్లేవాళ్లు.

మరి అక్క, బావ? వాళ్లు వీసాతో పాటే ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ కట్టారు. అందరూ ఐహెచ్‌ఎస్ అంటారు. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, స్టూడెంట్లకి, 18 ఏళ్లలోపు వాళ్లకి 776 పౌండ్లు. ఎన్నేళ్ల వీసా అయితే అన్నేళ్లకీ ఒకేసారి ముందే కట్టాలి. అది కట్టినవాళ్లకి అక్కడుండేవాళ్లతో సమానంగా ఎన్‌హెచ్‌ఎస్ దొరుకుతుంది.

ఇక్కడే మనవాళ్లలో పెద్ద పొరపాటు ఉంది. "మా అబ్బాయి ఐహెచ్‌ఎస్ కట్టాడు, కాబట్టి మాకూ వస్తుంది." రాదు. అది ఎవరి వీసాకి కడితే వాళ్లకే. కొడుకు అక్కడ పదేళ్లుగా టాక్స్ కడుతున్నా అమ్మానాన్నలకి వర్తించదు. ఆరు నెలల విజిటర్ వీసాకి ఐహెచ్‌ఎస్ అడగరు, మనం కడతామన్నా తీసుకోరు. కొన్ని దేశాలతో యూకేకి పరస్పర ఒప్పందాలున్నాయి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటివి. ఇండియా ఆ లిస్టులో లేదు.

అయితే విజిటర్‌కి అన్నీ డబ్బులేనా అంటే, అదీ కాదు. ఇది మూడు గదుల ఇల్లు అనుకోండి.

మొదటి గది జీపీ. అంటే మన వీధి చివర క్లినిక్‌లో ఫ్యామిలీ డాక్టర్ లాంటివాళ్లు. జీపీ దగ్గర కన్సల్టేషన్ ఎవరికైనా ఫ్రీ, విజిటర్‌కి కూడా. ఒక ఏరియాలో 24 గంటల కంటే ఎక్కువ, మూడు నెలల లోపు ఉండేవాళ్లు టెంపరరీ పేషెంట్‌గా రిజిస్టర్ చేసుకోమని అడగొచ్చు. అంతకంటే ఎక్కువ ఉంటే మామూలు రిజిస్ట్రేషనే. ఐడీ లేదా అడ్రస్ ప్రూఫ్ లేదని కాదనకూడదు, కానీ ఆ క్లినిక్‌లో జాబితా నిండిపోయిందని చెప్పొచ్చు, అప్పుడు ఇంకో దాంట్లో ప్రయత్నించాలి. దిగిన మొదటి వారంలోనే ఈ పని చేసేయండి. జ్వరం వచ్చాక ఫారాలు నింపుతూ కూర్చోకండి. ఇంకో మాట. జీపీ దగ్గర రిజిస్టర్ అయితే ఎన్‌హెచ్‌ఎస్ నంబర్ అని ఒకటి వస్తుంది. అది చూసి "మనకి కూడా ఎన్‌హెచ్‌ఎస్ వచ్చేసింది" అని సంబరపడకండి. అది రికార్డు కోసం ఇచ్చే నంబర్. హాస్పిటల్‌లో ఫ్రీ అని దాని అర్థం కాదు.

రెండో గది ఏ అండ్ ఈ. యాక్సిడెంట్ అండ్ ఎమర్జెన్సీ. ఈ గదిలో ఉన్నంతసేపూ ఎవరికైనా ఫ్రీ. నాన్నకి ఆ రాత్రి తీసిన ఈసీజీ, బ్లడ్ టెస్టులు, ఆక్సిజన్, డాక్టర్, వీటిలో దేనికీ బిల్లు రాలేదు. చిన్న దెబ్బలకి, బెణుకులకి అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్లు, వాక్-ఇన్ సెంటర్లు ఉంటాయి, అవీ ఈ లెక్కలోకే వస్తాయి. వెయిటింగ్ మాత్రం ఉంటుంది. ప్రాణం మీదకొచ్చిన వాళ్లని ముందు చూస్తారు, మిగతావాళ్లు కూర్చోవాలి. స్వెటర్, నీళ్లు, షుగర్ ఉన్నవాళ్లకి నాలుగు బిస్కెట్లు పట్టుకెళ్లండి.

మూడో గది వార్డు. ఏ అండ్ ఈలో డాక్టర్ "అడ్మిట్ చేస్తున్నాం" అన్న క్షణం నుంచి మీటర్ తిరగడం మొదలవుతుంది. లేదా "రెండు వారాల తర్వాత హార్ట్ క్లినిక్‌కి రండి" అని అవుట్ పేషెంట్‌కి పంపినా అంతే. బిల్డింగ్ అదే, డాక్టర్ కూడా అదే కావచ్చు. కానీ ఆ గుమ్మం దాటితే విజిటర్‌కి బిల్లు. ఎంత బిల్లు? ఎన్‌హెచ్‌ఎస్ తన లోపలి లెక్కలకి ఒక్కో ట్రీట్‌మెంట్‌కి ఒక రేటు పెట్టుకుంటుంది. విజిటర్‌కి దానిమీద 150 శాతం, అంటే ఒకటిన్నర రెట్లు.

ఒకటిన్నర రెట్లు కడుతున్నాం కదా, సింగిల్ రూమ్, స్పెషల్ డాక్టర్ వస్తారా అని మా బావ అడిగాడు. రారు. డబ్బు కట్టినా మనం ఎన్‌హెచ్‌ఎస్ పేషెంట్లమే, ప్రైవేట్ పేషెంట్లం కాదు. అదే జనరల్ వార్డు, అదే క్యూ, అదే చల్లటి శాండ్‌విచ్. నాన్న మూడు రోజులూ పెరుగన్నం కోసం అల్లాడిపోయారు.

కొన్నిటికి మూడో గదిలో కూడా డబ్బు తీసుకోరు. టీబీ, హెచ్‌ఐవీ, కోవిడ్ లాంటి కొన్ని అంటువ్యాధులకి, కుటుంబ నియంత్రణ సేవలకి, గృహహింస వల్ల అయిన గాయాలకి విజిటర్ దగ్గర కూడా చార్జ్ చేయరు. చివరిది ఎందుకు ప్రత్యేకంగా చెప్తున్నానంటే, మనవాళ్లలో భర్త దగ్గరికి వెళ్లి దెబ్బలు తిని, బిల్లు భయంతో హాస్పిటల్‌కి వెళ్లని అమ్మాయిలు ఉంటారు. ఆ వైద్యం కోసమే యూకేకి వచ్చి ఉంటే తప్ప ఆ మినహాయింపు ఉంటుంది, అలా ఎవరొస్తారు చెప్పండి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన పాయింట్. డబ్బు లేదని ట్రీట్‌మెంట్ ఆపుతారా?

ఆపరు. కానీ ఇందులో మెలిక ఉంది. డాక్టర్లు మూడు రకాలుగా చూస్తారు. వెంటనే చేయకపోతే ప్రాణానికే ప్రమాదం అనేది ఒకటి. వెంటనే కాకపోయినా, ఈ మనిషి సొంత దేశానికి తిరిగి వెళ్లేదాకా ఆగలేనిది ఇంకొకటి. ఈ రెండిటికీ డబ్బు కట్టావా లేదా అని చూసి ఆలస్యం చేయకూడదు, ఆపకూడదు. ముందు ట్రీట్‌మెంట్, తర్వాత బిల్లు. కాన్పు ఎప్పుడూ మొదటి రకంలోనే లెక్క. ఇక మూడోది, ఇండియా వెళ్లాక కూడా చేయించుకోగలిగేది. మోకాలి ఆపరేషన్, కంటి శుక్లం లాంటివి. వీటికి 2017 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో అంచనా ఖర్చు మొత్తం ముందే కట్టించుకోవాలని రూల్ ఉంది. కట్టకపోతే చేయరు. ఏది ఏ రకం అనేది డాక్టరే నిర్ణయిస్తారు, అకౌంట్స్ ఆఫీస్ కాదు.

మా నాన్నది మొదటి రకం. కాబట్టి ఆ రాత్రి ఎవరూ డబ్బు ఊసెత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం వార్డుకి ఒకావిడ ఫారం పట్టుకుని వచ్చింది. ప్రతి పెద్ద హాస్పిటల్‌లో ఓవర్సీస్ విజిటర్స్ టీమ్ అని ఒకటి ఉంటుంది. ఎప్పుడొచ్చారు, ఏ వీసా, తిరుగు టికెట్ ఎప్పుడు, ఇన్సూరెన్స్ ఉందా అని అడిగింది. చాలా మర్యాదగానే అడిగింది. బావ నా పీడీఎఫ్ చూపించాడు. అప్పటిదాకా అందరం ధైర్యంగానే ఉన్నాం.

బిల్లు ఐదు వేల పౌండ్లకి దగ్గర్లో వచ్చింది. మన డబ్బుల్లో ఐదు లక్షల పైమాటే. వాట్సాప్‌లో చెప్పిన నలభై లక్షలు కాదు. కానీ రిటైరైన మనిషికి ఐదు లక్షలు చిన్న విషయం కాదు కదా.

ఇన్సూరెన్స్ కంపెనీ డిశ్చార్జ్ సమ్మరీ అడిగింది. పంపించాం. అందులో మొదటి పేజీలోనే, పన్నెండేళ్లుగా బీపీ, తొమ్మిదేళ్లుగా టైప్ టూ డయాబెటిస్ అని ఉంది. నాన్నే చెప్పారు, అంబులెన్స్‌లో, ట్రయాజ్ నర్సుకి, డాక్టర్‌కి, అడిగిన ప్రతివాళ్లకీ. చెప్పాల్సిందే కూడా. ఆ మాట చెప్పడం వల్లే వాళ్లు గ్యాస్ అనుకోకుండా ట్రోపోనిన్ రెండోసారి చేశారేమో. కానీ నా ఫారంలో "నో" ఉంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశారు, పన్నెండు రోజుల్లో క్లెయిమ్ రిజెక్ట్ అయింది. నేను ఆ కంపెనీని తిట్టలేను. అబద్ధం రాసింది నేను. న్యాయంగా రావాల్సిన క్లెయిమ్ ఆపితే మన దేశంలో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు కూడా ఉండదు. మాకు ఆ దారి లేదు. ఏమని రాస్తాం అక్కడ?

నాన్నకి ఈ సంగతి వారం రోజులు చెప్పలేదు. చెప్పాక ఆయన తిట్టలేదు. "ప్రీమియం ఎంత తేడా వచ్చింది రా అప్పుడు" అని మాత్రం అడిగారు. ఏడు వేల చిల్లర అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

సరే, ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఏం చూడాలో చెప్తా, ఇది కొంచెం నిదానంగా వినండి. యూకే విజిటర్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల కవర్ ఉండాల్సిందే. యూకేకి అడగరు కాబట్టి మనవాళ్లు చాలామంది వదిలేస్తారు. వదిలేయకండి. మన దగ్గర అమ్మే ట్రావెల్ పాలసీలు మామూలుగా ఇండియా నుంచి బయల్దేరకముందే కొనాలి. ఫ్లైట్ దిగాక గుర్తొచ్చిందంటే చాలావరకు ఆలస్యమైపోయినట్టే.

బీపీ, షుగర్, థైరాయిడ్, పాత స్టెంట్, ఆఖరికి పదేళ్ల కిందట చేయించుకున్న గాల్‌బ్లాడర్ ఆపరేషన్, అడిగితే అన్నీ రాయండి. రాసినంత మాత్రాన అన్నీ కవర్ అవుతాయని కూడా అనుకోకండి. చాలా పాలసీల్లో పాత జబ్బుకి సంబంధించింది ప్రాణాపాయం అయినప్పుడు మాత్రమే ఇస్తామని, అదీ ఒక పరిమితి వరకే అని ఉంటుంది. ఆ పరిమితి ఎంతో వెబ్‌సైట్‌లో పెద్దక్షరాల్లో కనపడదు, పాలసీ వర్డింగ్ అనే పీడీఎఫ్‌లో ఉంటుంది. నలభై పేజీలు చదవక్కర్లేదు. "ప్రీ-ఎగ్జిస్టింగ్" అని సెర్చ్ కొట్టి, అది కనపడిన ప్రతి పేరా చదవండి. తర్వాత "డిడక్టబుల్" అని కొట్టండి. క్లెయిమ్‌లో మొదట మీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం అది. కోడ్ రివ్యూ చేసేటప్పుడు వేల లైన్లు చదువుతాం, అమ్మానాన్నల పాలసీ నాలుగు పేరాలు చదవలేమా? నేను చదవలేదు, అదే చెప్తున్నా.

అడ్మిట్ అయిన వెంటనే పాలసీ మీదున్న అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేయాలి. కొన్ని పాలసీల్లో దానికి టైమ్ లిమిట్ ఉంటుంది. ప్రతి కాగితం, బస్సు టికెట్ సైజు రసీదు కూడా, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేయండి.

మరి ప్రైవేట్ హాస్పిటల్స్ లేవా యూకేలో అంటే, ఉన్నాయి, మంచివే. కానీ హైదరాబాద్‌లో లాగా అర్ధరాత్రి కార్పొరేట్ హాస్పిటల్ క్యాజువాలిటీకి పరిగెత్తడం అక్కడ కుదరదు. ప్రైవేట్ హాస్పిటల్స్ చాలావరకు ప్లాన్ చేసుకున్న ఆపరేషన్లు, స్పెషలిస్ట్ కన్సల్టేషన్ల కోసం. నిజమైన ఎమర్జెన్సీ అయితే ప్రధానమంత్రి అయినా ఎన్‌హెచ్‌ఎస్ ఏ అండ్ ఈకే. ప్రైవేట్ ఉపయోగపడేది ఎక్కడంటే, జీపీ అపాయింట్‌మెంట్ వారం దాకా దొరకనప్పుడు. ప్రైవేట్ జీపీ అదే రోజు చూస్తారు, వీడియోలో కూడా. ఖర్చు సుమారు వంద పౌండ్లు అటూ ఇటూ, టెస్టులు వేరే. వాళ్లు రాసే మందులు కూడా పూర్తి రేటుకి కొనాలి. వెళ్లేముందు మొత్తం ఎంతవుతుందో రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి. పంటి నొప్పికి మాత్రం నా సలహా ఒక్కటే, బయల్దేరే ముందే ఇక్కడ చూపించుకుని వెళ్లండి. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్ట్ దొరకడం అక్కడివాళ్లకే గగనం.

మందుల సంగతి. మన డాక్టర్ చీటీ యూకే ఫార్మసీలో చెల్లదు. ఇక్కడ మెడికల్ షాపులో "అన్నా, ఆ యాంటీబయాటిక్ ఒక స్ట్రిప్ ఇవ్వు" అన్నట్టు అక్కడ అడిగితే ఫార్మసిస్ట్ మనల్ని వింతగా చూస్తారు. పారాసిటమాల్ మాత్రం సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, కానీ ఒక ప్యాకెట్‌లో 16 మాత్రలే, రెండు ప్యాకెట్లకి మించి ఇవ్వరు. ఆత్మహత్యలు తగ్గించడానికి పెట్టిన రూల్ అది. ఫార్మసిస్ట్‌తో మాట్లాడి సలహా అడగడం ఫ్రీ. చిన్న చిన్నవాటికి ముందు అక్కడికే వెళ్లండి. జీపీ రాసిన చీటీకి ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి 9 పౌండ్ల 90 పెన్స్ చార్జ్, 60 దాటినవాళ్లకి ఆ చార్జ్ లేదు.

ఇక్కణ్ణుంచి తీసుకెళ్లే మందులు కంపెనీ స్ట్రిప్పుల్లోనే ఉంచండి. మా అమ్మ అన్నీ విప్పి హార్లిక్స్ సీసాలో పోసింది, నేను మళ్లీ కొత్తవి కొనాల్సి వచ్చింది. డాక్టర్‌తో ఒక లెటర్ రాయించుకోండి, అందులో బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు ఉండాలి. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ ఇలా. మన బ్రాండ్లు అక్కడి డాక్టర్లకి తెలియవు. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపిచ్చేవి చాలావరకు అక్కడ దొరకవు కూడా. నిద్రకి, ఆందోళనకి ఆల్ప్రజోలామ్ వేసుకునే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు మన ఇళ్లలో, నొప్పులకి ట్రమడాల్ వాడేవాళ్లు ఉంటారు. ఇవి అక్కడ కంట్రోల్డ్ డ్రగ్స్. మూడు నెలల లోపు సరిపడా, డాక్టర్ లెటర్‌తో తీసుకెళ్లండి.

మళ్లీ బిల్లు దగ్గరికొద్దాం. కట్టకుండా ఫ్లైట్ ఎక్కేస్తే ఏమవుతుంది అని మా బంధువు ఒకాయన సలహా ఇచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు, నిజమే. కానీ 500 పౌండ్లు అంతకంటే ఎక్కువ బాకీ రెండు నెలలు దాటితే ఆ సమాచారం హోమ్ ఆఫీస్‌కి వెళ్తుంది. తర్వాత వీసా అప్లై చేస్తే ఆ కారణంతో రిజెక్ట్ చేయొచ్చు. అంటే ఐదు లక్షలు మిగుల్చుకుని, మనవరాలి పుట్టినరోజుకి వెళ్లే దారి మూసుకోవడం అన్నమాట. దీనికి దారి ఉంది. ఒకేసారి కట్టలేకపోతే హాస్పిటల్‌తో మాట్లాడి వాయిదాలు పెట్టించుకోవచ్చు. ఆ ఒప్పందం ప్రకారం కడుతున్నంతకాలం హోమ్ ఆఫీస్‌కి బాకీదారుగా పంపరు. బావ ఫోన్ చేసి మాట్లాడితే నెలకింత అని ఒప్పుకున్నారు. ఒప్పందం మెయిల్‌లో రాయించుకున్నాం. ఆ వాయిదాలు నా జీతంలోంచే వెళ్తున్నాయి. ఇంకా నాలుగున్నాయి.

డిశ్చార్జ్ అప్పుడు నెల తర్వాత హార్ట్ క్లినిక్‌కి రమ్మన్నారు. అది మూడో గది, అవుట్ పేషెంట్, ముందే కట్టాలి. డాక్టర్‌ని అడిగాం, ఇండియాలో చూపించుకోవచ్చా అని. చూపించుకోవచ్చు, కానీ ప్రయాణానికి కొన్ని వారాలు ఆగండి అన్నారు. ఫ్లైట్‌కి ముందు ఎయిర్‌లైన్ వాళ్లకి ఫిట్‌నెస్ లెటర్ కావాలి, ఆ లెటర్, యాంజియోగ్రామ్ సీడీ డిశ్చార్జ్ రోజే అడిగి తీసుకున్నాం. ఖమ్మం వచ్చాక మా డాక్టర్ ఆ సీడీ చూసే మందులు మార్చారు, మళ్లీ టెస్టు చేయించలేదు.

ఇంతకీ అక్క సంగతి చెప్పలేదు కదా. నాన్న డిశ్చార్జ్ అయిన పదిహేను రోజులకి అదే హాస్పిటల్‌లో పాప పుట్టింది. రెండు ఫ్లోర్లు పైన. ఆపరేషన్ అయింది, మూడు రోజులు ఉంది. అక్కకి ఒక్క పౌండ్ బిల్లు రాలేదు, ఐహెచ్‌ఎస్ కట్టి ఉంది కాబట్టి. నాన్న ఆ డిశ్చార్జ్ కాగితం అటూ ఇటూ తిప్పి, "అంకె ఎక్కడుందిరా దీంట్లో" అని వెతికారట.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో అమెరికా గురించి చెప్తా, అక్కడ లెక్కలు పూర్తిగా వేరు. మీ అమ్మానాన్నల ట్రిప్ ఈ రెండు మూడు నెలల్లో ఉంటే, ఈ రాత్రికే ఆ పాలసీ పీడీఎఫ్ తెరిచి, మీరు ఆ ప్రశ్నకి ఏం నొక్కారో ఒకసారి చూడండి. తప్పు ఉంటే బయల్దేరకముందే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించుకోవచ్చు, కొంచెం ఎక్స్‌ట్రా కట్టాల్సి వస్తుందేమో. ఉంటానండీ, నాన్న లైన్‌లో ఉన్నారు, పాపతో వీడియో కాల్ కలపమంటున్నారు.